క్లిప్పులు తీసే గంట

గాజు తలుపు మూసుకుని పది నిమిషాలయింది. గంట పడుతుందన్నారు. క్లిప్పులు ఒక్కొక్కటే ఊడదీసి, పళ్ళకు అంటుకున్న జిగురు గీకి, మెరుగు పెట్టి, అచ్చు తీసుకుని పంపేసరికి గంట, ఒక్కోసారి ఇంకాస్త. రెండేళ్ళ రెండు నెలలు ఆగినదాన్ని ఒక్క గంట ఆగలేనా అనుకుంటూ కూర్చున్నాను గాని, కుదురుగా కూర్చోవడం నా వల్ల కావడం లేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడితే చాలు, మెడ అటే తిరుగుతోంది. పక్క కుర్చీలో నా సంచి పెట్టాను. ఎందుకు పెట్టానో నాకు తెలుసు. ఆవిడ వచ్చి నా పక్కన కూర్చోకూడదు. ఎదురుగా కూర్చుంటే అదీ ఇబ్బందే, మొహం చూస్తూ ఉండాలి. మూలన బరువు తూచే యంత్రం పక్కన ఒక కుర్చీ ఉంది. అక్కడ కూర్చుంటే బాగుండును. అసలు రాకపోతే ఇంకా బాగుండును.

ఆవిడంటే పాప తల్లి. పాప మావారి కూతురు, పద్నాలుగేళ్ళది, ఇప్పుడు ఆ తలుపు వెనక కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరుచుకుని ఉంది. నాకు పెళ్ళయి నాలుగేళ్ళు. పెళ్ళినాటికి దానికి పదేళ్ళు, అప్పటికే తల్లీతండ్రీ విడిపోయి రెండేళ్ళు. ఆవిడ ఉద్యోగం రెండు గంటల ప్రయాణం ఉన్న ఊళ్ళో. బడి మారడం ఇష్టం లేక పాప తండ్రి దగ్గరే ఉండిపోయింది. శని, ఆదివారాలు తల్లి దగ్గరికి వెళ్ళి వస్తుంది. నన్ను పిన్నీ అంటుంది. అమ్మ చెల్లెల్నీ పిన్ని అనే అంటారు, నాన్న రెండో భార్యనీ పిన్ని అనే అంటారు. ఎవరు కలిపారో గాని ఆ ఒక్క మాటతో ఆవిడనీ నన్నూ అక్కాచెల్లెళ్ళని చేసి పెట్టారు. నా సొంత అక్క అంటేనే నాకు పడేది కాదు. చిన్నప్పుడు దాని జడ నా జడ కన్నా పొడుగని కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని. ఇక ఈవిడ సంగతి చెప్పేదేముంది.

ఈ ఉదయం నేను దాని స్కూలు చీటీ మీద సంతకం పెడుతూ ఉంటే ఫోను మోగింది. పాప ఎత్తింది. ఆ ‘అమ్మా’ అనడంలోనే గొంతు మారిపోతుంది దానికి. నాతో మాట్లాడే గొంతు ఒకటి, ఆవిడతో మాట్లాడే గొంతు ఒకటి. నాతో మాట్లాడే గొంతు చెడ్డదేం కాదు, చనువుగానే ఉంటుంది, కాకపోతే అది ఇస్త్రీ చేసిన గొంతు. ఆవిడతో అయితే నలిగిన దుప్పట్లో దొర్లుతున్నట్టుంటుంది. ‘నిజంగా వస్తావా? బస్సు దొరుకుతుందా? పిన్ని ఉందిలే, అయినా నువ్వూ రా.’ పిన్ని ఉందిలే. ఆ మాట నా చెవిలో ఎన్నిసార్లు తిరిగిందో. ఇంట్లో గొడుగు ఉందిలే అన్నట్టు. సంతకం పెట్టాక చూసుకుంటే కలం కాగితాన్ని చించేసింది.

ఇరవై ఆరు నెలలు, నెలకోసారి, ఈ మెట్లెక్కింది నేను. ఆవిడ ఒక్కసారీ రాలేదు. ఇవాళ వస్తుంది, ఎందుకంటే ఇవాళ చూడడానికి ఉంటుంది. గోడ కట్టినన్నాళ్ళూ రాకుండా సున్నం ఆరాక వచ్చి ‘బాగుందే’ అన్నట్టు. తలుపు తెరుచుకుంటుంది, పాప బయటికి వస్తుంది, ఆ కొత్త పళ్ళతో మొట్టమొదటిసారి నవ్వుతుంది. ఎవర్ని చూసి? నాకు ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఇలాంటివి ఆలోచించే వయసు కాదని తెలుసు. తెలిసినా నా కుర్చీని ఇంకాస్త ఇవతలికి జరిపాను, తలుపుకి ఎదురుగా ఉండేది నేనే అయ్యేలా.

లోపల యంత్రం మొదలైంది. సన్నగా, దోమ చెవి దగ్గర తిరిగినట్టు. అంటే క్లిప్పులు ఊడాయి, జిగురు గీకుతున్నారు. మొదటిరోజు డాక్టరమ్మ అన్న మాట గుర్తుకొచ్చింది. ఆవిడ పెద్దావిడ, మాట తక్కువ. ‘క్లిప్పులు పళ్ళని జరుపుతాయంతే. కాపాడవు. కాపాడుకోవడం ఇంట్లో జరగాలి’ అంది, పాప వైపు కాదు, నా వైపు చూస్తూ. ఆ చూపు నాకెంత గర్వంగా అనిపించిందో. ఇంట్లో అంటే నేనే కదా. ఒక ప్లాస్టిక్ దవడ పట్టుకుని చూపించింది. తీగకి పైనుంచి ఒకసారి, కింద నుంచి ఒకసారి, చిగురు అంచు దగ్గర బ్రష్ ఏటవాలుగా పెట్టి. తీగ కిందికి వెళ్ళడానికి సీసాలు కడిగే బ్రష్‌లాంటి బుల్లి బ్రష్. తీగ కొస బుగ్గకి గుచ్చుకుంటే అద్దడానికి మైనం ముద్ద. గట్టివి కొరకకూడదు, జిగురుగా సాగేవి తినకూడదు, తీపి పానీయాలు అసలు వద్దు. నేను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే పని చేస్తాను. ఆవగింజంత మరలు, వాటికి తగ్గ బుల్లి స్క్రూడ్రైవర్లు, రోజంతా వాటితోనే. ఆ బుల్లి బ్రష్ చేతిలోకి తీసుకోగానే నా చేతికి అది ముందే తెలిసినట్టనిపించింది. ఇంత పెద్ద ప్రపంచంలో వాళ్ళమ్మ కన్నా నాకు బాగా చేతనైన పని ఒకటి దొరికింది కదా అనుకున్నాను. అవును, సరిగ్గా అలాగే అనుకున్నాను.

భోజనాలయ్యాక ఇద్దరం పెరటి గుమ్మం దగ్గర దీపం కింద స్టూళ్ళు వేసుకునేవాళ్ళం. వారానికోసారి రంగు బిళ్ళ. అది నమిలితే పాచి ఉన్నచోటల్లా గులాబీరంగు తేలుతుంది. మొదటిసారి నమిలాక అద్దంలో చూసుకుని నాలుక బయటపెట్టి ‘రాక్షసిని పిన్నీ, నిన్ను తినేస్తా’ అని ఇల్లంతా తరిమింది నన్ను. మావారు గుమ్మంలో నిలబడి ఇద్దరికీ మతి పోయిందా అన్నట్టు చూశారు. ఆ రోజు అది నన్ను ముట్టుకుని నవ్వింది, మెడ పట్టుకుని వేలాడింది. ఏ రబ్బరు బ్యాండు ఏ కొక్కేనికో, ఎడమ దవడపన్ను వెనక పాచి ఎందుకు త్వరగా పేరుతుందో, ఏ నెల ఏ పన్ను నొప్పెట్టిందో నాకు తెలుసు. దాని తండ్రికి తెలియదు. కన్నతల్లికీ తెలియదు. ఆ నోరు నాది అనుకున్నాను.

నాదెలా అవుతుంది. ముందు పళ్ళ మధ్య సందు ఆవిడదే. ఆవిడ నవ్వినప్పుడు ముందుగా కనపడేది ఆ సందే. పాపకీ అచ్చం అలాగే ఉండేది, పై వరసలో నట్టనడుమ, బియ్యపుగింజ పట్టేంత. పెళ్ళయిన కొత్తలో మావారు పాప నవ్వుని చూస్తూ ఒక్క క్షణం ఎటో వెళ్ళిపోయి తిరిగొచ్చేవారు. ఎక్కడికి వెళ్ళొచ్చారో నేను అడగలేదు. ‘ఈ సందు కూడా మూసేద్దామా? కొంతమంది ఉంచుకుంటామంటారు’ అని డాక్టరమ్మ అడిగితే పాప భుజాలెగరేసింది. ‘మూసేయండి’ అన్నాను నేను, ప్రశ్న పూర్తికాకముందే. నెలనెలా ఆ సందు సన్నబడుతూ ఉంటే, కాగితం పట్టేంత అయి, చివరికి దారం కూడా బిగుతుగా వెళ్ళేంత అవుతుంటే, నా లోపల ఏదో చల్లబడుతూ వచ్చింది. ఆవిడకి మావారు ఫోనులో చెప్పారట. ‘దాని నోరు, దాని ఇష్టం’ అందట ఆవిడ. అంతే. ఒక్క మాటకి కూడా ఉడుక్కోదు. నాకు ఒళ్ళు మండేది అందుకే.

మెట్ల మీద చప్పుడు. రెండేసి మెట్లు ఎక్కుతున్న చప్పుడు. ఆవిడే. జుట్టింకా తడిగా ఉంది, జడ కూడా వేసుకోలేదు, వదిలేసి క్లిప్పు పెట్టింది. ఆవిడ పని పిల్లలకి ఈత నేర్పడం. ఎప్పుడు చూసినా అప్పుడే నీళ్ళలోంచి లేచి వచ్చినట్టుంటుంది, దగ్గరికొస్తే మందు కలిపిన కొలను నీళ్ళ వాసన. బల్ల దగ్గర పేర్లు రాసే ఆవిడతో వంగి ఏదో అంది. ఇరవై ఆరు నెలల్లో ఆ పేర్లావిడ నన్ను చూసి పెదవి కదపలేదు. ఇప్పుడు పకపకా నవ్వింది. ఇదీ ఆవిడ పద్ధతి. ఎక్కడికెళ్ళినా రెండు నిమిషాల్లో ఆ గది ఆవిడదైపోతుంది.

“అయిపోయిందా?” అంది నా దగ్గరికొచ్చి.

“లేదు. ఇంకో అరగంట పైనే పడుతుంది.”

“హమ్మయ్య. బస్సు దారిలో ఆగిపోయిందండీ. దిగి పరిగెత్తుకొచ్చా.” అంటూ పక్క కుర్చీలో నా సంచి తీసి, కింద పెట్టకుండా తన ఒళ్ళోనే పెట్టుకుని, నా పక్కనే కూర్చుంది.

నా సంచి ఆవిడ ఒళ్ళో. అడిగి తీసుకుంటే బాగుండదు. తీసుకోకపోతే ఎలాగో ఉంది. ఆవిడ జుట్టు చివర్ల నుంచి ఒక చుక్క నా సంచి మీద పడి ఇంకింది. ఈవిడని నేను ద్వేషించాలంటే ఈవిడ కూడా కాస్త సాయం చెయ్యాలి కదా. చెయ్యదు.

“మీకొకటి చూపిస్తాను, నవ్వకండి” అని తన సంచిలోంచి ఒక జిప్పు పెట్టె తీసింది. అందులో బుల్లి బ్రష్షులు రెండు, మైనం డబ్బీ, రబ్బరు బ్యాండ్ల పొట్లం, చేతిఅద్దం. తర్వాత మొబైల్ తీసి చూపించింది. అలారాలు. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, ఒక్కోదానికీ పేరు. పాచి ఒకటి. పాచి రెండు. బ్యాండ్లు మర్చిపోకు. “అది వచ్చిన రోజుల్లో ఇవి మోగుతుంటే కొలనులో పిల్లలందరూ బ్రష్షు, బ్రష్షు అని అరుస్తారు. ఇంట్లో పంచదార డబ్బా కూడా అటకెక్కించేశాను. పోయినేడు మీవారు ఫోన్ చేసిన రోజే కొన్నానండీ ఇవన్నీ. మాట పడితే గాని బుద్ధి రాలేదు నాకు.”

నేను నవ్వలేదు. లోపల యంత్రం ఆగి మళ్ళీ మొదలైంది. పోయినేడు మావారు ఫోన్ చేసిన రోజు. ఆ రోజు నేను వంటగదిలో నిలబడి కుళాయి సన్నగా తిప్పుకుని వింటున్నాను. అంతకు రెండు నెలల ముందు, మామూలుగా దీపం కింద కూర్చుని ‘ఇంకా ఎడమ పక్క సరిగా రాలేదు, మళ్ళీ తోము’ అన్నాను పాపతో. రోజూ అనే మాటే. అది బ్రష్ స్టూలు మీద పెట్టి ‘అమ్మయితే ఇలా సతాయించదు’ అంది. ఆ వయసు పిల్లలు అనే మాటే అదీ. గట్టిగా కూడా అనలేదు. నేను లేచి చెయ్యి తుడుచుకుని ‘సరే, రేపట్నుంచి నీ ఇష్టం’ అన్నాను. అదేదో పెద్దరికంతో అన్నట్టే అన్నాను. మర్నాడు పిలవలేదు. ఆ మర్నాడూ పిలవలేదు. అది రెండు రోజులు నా వైపు చూసి, తర్వాత చూడడం మానేసి, నోట్లో బ్రష్ పెట్టుకుని ఒక నిమిషం తిప్పి ఉమ్మేసి వెళ్ళిపోయేది. నేను లోపలి నుంచి వింటూ ఉండేదాన్ని. ఒక నిమిషం. అర నిమిషం. కొన్ని రోజులు నీళ్ళ చప్పుడు మాత్రమే.

దాంతో ఊరుకున్నా బాగుండేది. అమ్మ సతాయించదు కదా, అమ్మ సరదా మనిషి కదా, నేనూ సరదాగా ఉండగలను అనిపించింది. షాపు నుంచి వస్తూ నిమ్మకాయ సోడా సీసాలు తెచ్చి ఫ్రిజ్ తలుపులో వరసగా నిలబెట్టాను, తియ్యటివి, దానికి ఇష్టమైనవి. మొదటిరోజు సీసా చూసి నా మొహం చూసి ‘తాగొచ్చా?’ అంది. ‘నీ ఇష్టం’ అన్నాను. నా మెడ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఆ ముద్దు కోసం ఇంకో నాలుగు సీసాలు తెచ్చాను. వారం వారం తెచ్చాను. చిగుళ్ళు ఎర్రబడ్డాయి, నవ్వితే తీగ కింద పాచి పసుపుగా కనపడేది, నాకు కనపడేది. ఒక్కోరోజు నోటి దాకా వచ్చేది చెప్దామని. అమ్మయితే సతాయించదు కదా, అని లోపల నుంచి ఎవరో అనేవాళ్ళు. లోపల ఎవరో ఏమిటి, నేనే. కుళ్ళు అంటే ఏమిటో ఆ రెండు నెలలు నేను కళ్ళారా చూశాను, వేరే మనిషి నోట్లో.

ఆ రెండో నెల చివర ఇక్కడే, ఆ తలుపు వెనకే, డాక్టరమ్మ బుల్లి అద్దం పెట్టి ఒక్కో పన్నూ చూసింది. కోరపళ్ళ మీదా వాటి పక్క పళ్ళ మీదా, క్లిప్పు అంచుల వెంట, సుద్ద రాసినట్టు తెల్లటి మచ్చలు. ‘పుచ్చు కాదు, పుచ్చుకి మొదలు. పంటి పైపొరలో సున్నం పోయింది. తీపి డ్రింకులేమైనా తాగుతోందా?’ అంది. పాప నోట్లో అద్దం ఉంది, కొక్కెం ఉంది, మాట్లాడ్డానికి లేదు. నేను మాట్లాడాను. ‘మా ఇంట్లో లేవు డాక్టరమ్మా. వాళ్ళమ్మ దగ్గర ఏం తాగుతుందో నాకు తెలీదు.’ పాప కళ్ళు మాత్రం కదిలాయి. నన్ను చూశాయి. కోపంగా కాదు. అదే ఇప్పటికీ మింగుడుపడదు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు చూసి, మళ్ళీ పైకప్పు వైపు తిరిగాయి. ఇంటికొచ్చి మావారితో అదే మాట ఇంకాస్త పెంచి చెప్పాను. ఆయన ఫోన్ చేశారు. గొంతెత్తలేదు, ఆయన గొంతెత్తరు. ‘వైద్యం అయ్యేదాకా వారం విడిచి వారం పంపుతాం. దాని మంచికే.’ అవతల నుంచి వాదన ఏమైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు. పాప పక్కగదిలో పుస్తకం తెరుచుకుని ఉంది, ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం ఫ్రిజ్‌లో మిగిలిన సీసా నేనే సింకులో ఒంపేశాను. మర్నాటి నుంచి మళ్ళీ దీపం కింద స్టూళ్ళు. అది పిలవగానే వచ్చి కూర్చుంది.

“ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోరు కదా” అంది ఆవిడ. గొంతు తగ్గించింది. “ఆ మచ్చలు, క్లిప్పులు తీశాక బయటికి కనపడతాయా?”

“కొంత మాసిపోతాయన్నారు. పూర్తిగా పోవన్నారు.”

ఆవిడ నా సంచి పట్టీని వేళ్ళకి చుట్టుకుంది. “నాకు చూడాలంటే భయంగా ఉందండీ. ఇక రోజూ పొద్దున్నే అద్దంలో పళ్ళు చూసుకున్నప్పుడల్లా దానికి నేనే గుర్తొస్తాను. అమ్మ చేసిన పని ఇది అని.”

ఇక్కడ నాకు జాలి కలగాలి. కలిగింది కూడా. కాని దానికన్నా ముందు కలిగింది ఏమిటో చెప్పకపోతే మిగతాదంతా చెప్పి లాభం లేదు. నాకు ఈర్ష్య కలిగింది. ఆ సందు మూసేస్తే అది ఆవిడని మర్చిపోతుందనుకున్నాను. ఇప్పుడు నేను చేసిన మచ్చల్లో కూడా ఆవిడే కనపడుతుందట. రోజూ, అద్దంలో, బతికినంత కాలం. నా చేతులతో చేసిన చెడ్డపని కూడా తీసుకెళ్ళి ఆవిడ పేరు మీద పెట్టాను. దానికీ కుళ్ళుకుంటున్నాను కుర్చీలో కూర్చుని. నా మీద నాకే అసహ్యం వేసింది, నవ్వు కూడా వచ్చింది.

యంత్రం ఆగిపోయింది. ఈసారి మళ్ళీ మొదలవలేదు. గాజు తలుపు సగం తెరుచుకుని, మూతికి గుడ్డ కట్టుకున్న నర్సమ్మ తల బయటపెట్టింది. “తల్లిగారు ఎవరో ఒకరు లోపలికి రండి. చిన్న గది, ఒకరే.”

ఇద్దరం లేచాం. ఒకేసారి, ఒకే ఊపున. నర్సమ్మ నన్ను చూసింది, ఆవిడని చూసింది. నా కాలు అప్పటికే ఒక అడుగు ముందుకేసింది. అప్పుడు ఆవిడ కూర్చుంది.

“మీరు వెళ్ళండి” అంది. “ఇన్నాళ్ళూ చేసింది మీరు. నేను ఇక్కడే ఉంటాలెండి.”

నేను కావాలనుకున్నదే అది. కావాలనుకున్నది అలా అరచేతిలో పెట్టి ఇచ్చేస్తే పట్టుకోవడం ఎంత కష్టమో. తలుపు అయిదడుగుల దూరంలో ఉంది. లోపల ఎవరో నీళ్ళు పుక్కిలిస్తున్నారు. వెళ్ళిపోతే సరిపోయేది. ఇంకెవరూ అడగరు, ఇక క్లిప్పులూ లేవు, వారాలూ మామూలుగా మళ్ళీ మొదలవుతాయి, ఎక్కడిదక్కడ సర్దుకుంటుంది. నేను కూర్చున్నాను.

“కాదు. మీరే వెళ్ళాలి. ఆ మచ్చలు మీ వల్ల రాలేదు.”

ఆవిడ అర్థం కానట్టు చూసింది. నేను చెప్పాను. ఆవిడ మొహం వైపు చూడకుండా, ఆవిడ ఒళ్ళో ఉన్న నా సంచి వైపు చూస్తూ చెప్పాను. అది అన్న మాట, నేను మానేసిన పని, సోడా సీసాలు, డాక్టరమ్మతో ఆడిన అబద్ధం, మావారితో ఆడిన అబద్ధం. చెప్తే చాలా పొడుగుంటుందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆరు ముక్కల్లో అయిపోయింది. బల్ల దగ్గర పేర్లావిడ రాయడం ఆపేసింది.

“ఎన్నాళ్ళు?” అంది ఆవిడ.

“రెండు నెలలు.”

“చూస్తూనే ఉన్నారా?”

“చూస్తూనే ఉన్నాను.”

ఆ మొహంలో అంత నిశ్చలత నేనెప్పుడూ చూడలేదు. “ఇరవై ఎనిమిది వారాలు” అంది చివరికి. “అది రాని వారాలు. నేను లెక్కపెట్టుకున్నాను. ఆ శనివారాలు ఇంటికి వెళ్ళబుద్ధి కాక, కొలను తాళం వేసేదాకా నీళ్ళలోనే ఉండేదాన్ని. నా తప్పే కదా అనుకుని ఒక్క మాట అనలేదు ఎవర్నీ.” లేచి, నా సంచిని కుర్చీలో పెట్టింది. పడేయలేదు, పడిపోకుండా ఆనించి మరీ పెట్టింది. “ఆయనకి మీరు చెప్తారా, నేను చెప్పనా?”

“నేనే చెప్తాను.”

“ఇవాళే.”

“ఇవాళే.”

ఆవిడ లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. ముందు మాటలు అందనంత మెల్లగా ఆవిడ గొంతు. తర్వాత పాప గొంతు, ఆ నలిగిన దుప్పటి గొంతు, తర్వాత ఇద్దరి నవ్వు కలిసి, ఎవరిది ఎవరిదో తెలియకుండా. మొదటి నవ్వు అక్కడ అయిపోయింది. నేను వినగలిగాను, చూడలేదు. తప్పు చెప్పుకుంటే మనసు తేలికపడుతుందంటారు. నాకు తేలికపడలేదు. ఆ నవ్వు విన్నప్పుడు ఎక్కడ మండాలో అక్కడే మండింది, ఏమాత్రం తగ్గకుండా. అబద్ధం పోతే ఆ మంటా పోతుందనుకున్నాను కాబోలు. అది దానిపాటికది ఉంది, బుగ్గ లోపల పుండులా, నాలుక మాటిమాటికీ అక్కడికే వెళ్ళేలా.

అయిదారు నిమిషాల తర్వాత నర్సమ్మ మళ్ళీ తల బయటపెట్టింది. “మిమ్మల్ని కూడా రమ్మంటున్నారు.”

“డాక్టరమ్మా?”

“కాదు, పాప.”

చిన్న గదే. గోడకి ఆనుకుని నిలబడ్డాను. పాప కుర్చీలో లేచి కూర్చుని, నాలుకతో పళ్ళని పదేపదే తడుముకుంటోంది. “జారిపోతోంది పిన్నీ, నాలుక నిలబడట్లేదు” అంది. క్లిప్పులు లేకుండా దాని నోరు చూసి రెండేళ్ళయింది కదా, పళ్ళు ఇంత పెద్దవని మర్చిపోయాను. వరసగా, తెల్లగా, కొత్త మనిషి నోరులా ఉంది. పైన నాలుగు పళ్ళ మీద మచ్చలు, నేననుకున్నంత పెద్దవి కావు, నేను ఆశపడ్డంత చిన్నవీ కావు. దీపం వెలుగులో సుద్దముక్కతో అరచందమామలు గీసినట్టున్నాయి. వాళ్ళమ్మ దాని భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడి నా వైపు చూడలేదు. డాక్టరమ్మ చెప్పుకుపోతోంది. ఇవాళ తీసిన అచ్చుతో పళ్ళకి తొడుగులు చేస్తారు. ఆరు నెలలు తినేటప్పుడు, తోముకునేటప్పుడు తప్ప తియ్యకూడదు, ఆ తర్వాత పడుకునేటప్పుడు పెట్టుకుంటే చాలు. వేడినీళ్ళలో కడిగితే వంగిపోతాయి. పెట్టుకోకపోతే పళ్ళు తమ పాత చోటుకి వెళ్ళిపోవాలని చూస్తాయి. మచ్చలకి ఒక పేస్టు రాసిస్తుంది, ఓపిగ్గా వాడాలి. “ఇదంతా ఎవరు చూసుకుంటారు?” అని అడిగి, ఆవిడనొకసారి, నన్నొకసారి చూసింది.

నేను గాలి పీల్చుకున్నాను. ఆవిడా పీల్చుకుంది, నాకు వినపడింది.

“నేను” అంది పాప. ఇద్దరం దాని వైపు తిరిగాం. “అలా చూస్తారేంటి ఇద్దరూ. నా పళ్ళే కదా.”

డాక్టరమ్మ మొదటిసారి నవ్వడం చూశాను.

తొడుగులకి ఎప్పుడు రావాలో అడగడానికి వాళ్ళమ్మ బల్ల దగ్గరికి వెళ్ళింది. పాప నడవాలో వాష్‌బేసిన్ దగ్గర పెదవుల మీద అంటిన తెల్లటి పొడి కడుక్కుంటోంది. వెనక నిలబడ్డాను. అద్దంలో దాని మొహం, దాని వెనక నా మొహం.

“అమ్మకి చెప్పేశాను” అన్నాను. “సోడాల సంగతి.”

“తెలుసు. లోపలికి రాగానే నన్ను పట్టుకుని, నిజమేనా అని అడిగింది.”

“నువ్వు అప్పుడే చెప్పొచ్చు కదా. నాన్నకైనా, అమ్మకైనా. ఎందుకు చెప్పలేదు?”

కుళాయి కట్టేసింది. చేతులు దులుపుకుంది. అద్దంలో కాకుండా తిరిగి నన్నే చూసింది. “చెప్తే నాన్నా నువ్వూ పోట్లాడుకుంటారు. పోట్లాడుకుంటే నువ్వు కూడా వెళ్ళిపోతావేమో అనుకున్నా. కోపం లేదనుకోకు. అమ్మ దగ్గరికి వెళ్ళని వారాలన్నీ నీ మీద కోపంగానే ఉన్నా. నువ్వు బ్రష్ పట్టుకుని పిలుస్తుంటే కొరకాలనిపించేది” అంది.

దాని గడ్డం మీద నీటిచుక్క తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అదే తుడుచుకుంది, ముంజేత్తో. తర్వాత వాళ్ళమ్మ పిలిస్తే వెళ్ళింది. ఇద్దరూ మెట్లు దిగుతున్నారు, ముందు అది, వెనక ఆవిడ. నడక ఒకటే, భుజాలు ఊపడం ఒకటే, వెనక నుంచి చూస్తే చిన్నదీ పెద్దదీ అంతే తేడా. ఎప్పుడు చూసినా చివుక్కుమనే చోటే చివుక్కుమంది. నేను పై మెట్టు మీద ఆగి ఫోను తీశాను. మావారు ఎత్తేసరికి వెనక లారీ చప్పుడు. పళ్ళెలా ఉన్నాయని అడుగుతారు, అడిగితే బాగున్నాయంటాను, అంటే ఇక చెప్పలేను. అందుకని హలో కూడా అనకుండా మొదలుపెట్టాను. మొత్తం చెప్పాను. లారీ వెళ్ళిపోయింది. ఉన్నారా అని అడిగాను.

“ఉన్నాను” అన్నారు. ఆ గొంతు నాకు కొత్త. “సాయంత్రం మాట్లాడదాం. ఈ శనివారం నుంచి ప్రతి వారం పంపుతామని ఆవిడతో చెప్పు. నువ్వే చెప్పు.” పెట్టేశారు.

సాయంత్రం ఏమవుతుందో నాకు తెలియదు. ఫోను సంచిలో పెట్టుకుని కిందికి చూశాను. మెట్ల చివర, వీధి వెలుగులో, ఇద్దరూ ఆగి ఉన్నారు. వెళ్ళిపోయి ఉంటారనుకున్నాను.

“పిన్నీ, వస్తున్నావా?” అని పాప తలెత్తి పిలిచింది.

ఆవిడ తలెత్తలేదు. వీధి వైపే చూస్తోంది, చేతులు కట్టుకుని. కాని కదల్లేదు కూడా. నేను రెయిలింగు పట్టుకుని దిగడం మొదలుపెట్టాను.